మాయాబజారును ఒక్కడే ఆడిన రాత్రి
(తల్లిదండ్రుల సమావేశమున ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగము)



నేటి సమావేశమునకు నిర్ణయించిన విషయము పరీక్షా ఫలితములు. ఆ పట్టిక వరండా గోడకు అంటించియున్నాము, వెళ్లునపుడు చూడగలరు. నేను వేరొక సంగతి చెప్పదలచితిని. మొన్నటి వార్షికోత్సవమున ఒక స్వరానుకరణ కళాకారుడు 'మాయాబజార్' చిత్రమును హాస్యముగా మార్చి, అన్ని పాత్రలను తానొక్కడే ఆడి చూపెను గదా! మరునాటి ఉదయము ముగ్గురు పెద్దలు నా గదికి వచ్చి, "అయ్యవారూ! అంతటి చిత్రమును, అందులోను శ్రీకృష్ణుని పాత్రను, పిల్లల యెదుట నవ్వులపాలు చేయించితిరే" అనిరి. వారి బాధ నిజమైనది. ఆనాడు నాకు తగిన సమాధానము తోచలేదు.

ముందు ఆయన యేమి చేసెనో రాలేకపోయినవారికి చెప్పవలెను. ఆయన తెచ్చుకొన్న సామగ్రి ఒక ఉత్తరీయము, ఒక ముక్కాలిపీట. ఉత్తరీయము భుజముపై జారవిడిచిన రామారావుగారి కృష్ణుడు. తలపై కప్పిన సావిత్రిగారి శశిరేఖ. చుట్టి భుజమున వేసికొన్న రంగారావుగారి ఘటోత్కచుడు, అదియే గద. ఆ ఘటోత్కచుడు ద్వారకకు పోవుటకు మన హోసూరు బస్టాండున నిలిచి, బస్సు పలకపై అక్షరములు చదువరాక, కండక్టరును గదతో బెదరించి, చివరకు చిల్లర లేక దిగిపోవును! చూచినవారికి తమకు ప్రియమైనదే చూపు ప్రియదర్శిని పేటికను ఆయన సెల్‌ఫోనుగా మార్చెను. శకుని దానిని తెరచి పాచికలాటకు అప్పిచ్చు ప్రకటన చూచి మురిసిపోయినపుడు వెనుక వరుసలలోని తండ్రులు కొందరు తలలు వంచుకొనుట నేను గమనించితిని.

లక్ష్మణకుమారుని ఆయన రెండుమారులు ఆడెను. 1957లో విజయావారు ఈ చిత్రమును తెలుగునను, తమిళమునను తీసిరి. దర్శకులు కె.వి. రెడ్డిగారు. రామారావు, రంగారావు, సావిత్రి రెండింటను ఉన్నారు. అభిమన్యుడు మాత్రము తెలుగున నాగేశ్వరరావు, తమిళమున జెమినీ గణేశన్. లక్ష్మణకుమారుడు తెలుగున రేలంగి, తమిళమున తంగవేలు. ఒకే బెదురును ఆ కళాకారుడు ముందు రేలంగి గొంతుతోను, వెంటనే తంగవేలు గొంతుతోను పలికెను. రెండింటికిని ఫక్కున నవ్వినవారు మన ఊరి పెద్దలు. ఈ సరిహద్దున నివసించుటలో ఇట్టి లాభము కూడ కలదు.

ఇక ఆక్షేపణ మాట. వ్యాసభారతమున శశిరేఖా పరిణయము లేనేలేదు. అది జనులు ముచ్చటపడి కల్పించుకొన్న కథ. చిత్రమునకు ముందే సురభివారు దానిని రంగస్థలముపై ఆడిరి. చిత్రమందును నడుచునదంతయు వేషమే. ఘటోత్కచుడు శశిరేఖ రూపు దాల్చును. అనగా సావిత్రిగారు తాను రంగారావుగారైనట్లు నటింపవలెను. పెండ్లి ముచ్చట పాటలో సుశీలగారి కంఠము నడుమ ఘంటసాలగారి కంఠము పైకి వచ్చుట మీకు గుర్తుండును. మొన్న రాత్రి ఒక పురుషుడు, సావిత్రిగారిని అనుకరించుచు, ఆమె రంగారావుగారిని అనుకరించుటను అనుకరించెను. ఆ ఘట్టమున ఆయన నోరు విప్పలేదు. సిగ్గుతో తల వంచి, ఒక భుజమును మాత్రము కొంచెము విరిచి, కనుబొమ ఎత్తెను. అంతే! ఎంత ప్రేమతో ఎన్నిమారులు చూచిన ఆ భుజము పట్టుబడును? ఎగతాళి చేయువాడు అంత శ్రమపడడు. ఆయన చిత్రమును చూచి నవ్వలేదు. చిత్రమును చేతపట్టుకొని మనలను చూచి నవ్వెను. ఖాకీ దుస్తులు తొడిగి, కట్టె తుపాకి పట్టి, దొరవలె కోతలు కోయు పిట్టలదొర చేసినదియు ఇదే. వరంగల్లున 1932లో జన్మించి 2018లో గతించిన నేరెళ్ల వేణుమాధవ్‌గారు 'టెన్ కమాండ్‌మెంట్స్' వంటి ఆంగ్ల చిత్రముల ఘట్టములను గూడ ఒక్క కంఠముతో వినిపించెడివారు. 2001లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. ఇది చిన్నచూపు చూడవలసిన విద్య కాదు.

కాని నన్ను నిద్రపోనీయనిది మీ ఆక్షేపణ కాదు. పింగళి నాగేంద్రరావుగారు ఆ చిత్రమున రాక్షసులకు 'అస్మదీయులు', 'తస్మదీయులు' అను మాటలు పెట్టిరి. 'అస్మదీయ' సంస్కృతమున సరియైనదే. మనవారు అని అర్థము. వారివారు అనుటకు 'తదీయ' అనవలెను. 'తస్మదీయ' అన్నది మొదటి మాటను చూచి అల్లిన తప్పు మాట. అందే హాస్యమున్నది. కళాకారుడు ఆ మాట విసరగానే పెద్దల వైపు నవ్వు పొంగినది. పిల్లల బల్లలు నిశ్శబ్దముగా ఉండెను. రంగారావుగారి గంభీర హుంకారము విని మాత్రము కేరింతలు కొట్టిరి. తెరవెనుక ఆయన చెమట తుడుచుకొనుచు నాతో, "మాస్టారూ, పిల్లలు నా గొంతుకు నవ్వినారండి, మాటకు నవ్వలేదు" అనెను.

ఆ పిల్లలకే తెలుగులో తొంబదికి పైగా మార్కులు. వేసినవాడను నేనే. ప్రశ్నకు జవాబు అప్పగించుట నేర్పితిని. తప్పు మాట విని నవ్వగల చెవిని ఇవ్వలేకపోయితిని. వీధిలో తమిళము, సంతలో కన్నడము, పుస్తకములలో ఆంగ్లము ఉన్న బిడ్డకు తెలుగు ఇంటిలో వినబడవలెను. అక్కడ గూడ ఇప్పుడు ప్రియదర్శినియే మాటలాడుచున్నది.

సోమవారము తొమ్మిదవ తరగతిలో పాఠము ఆపి, 'మాయాబజార్' పూర్తిగా చూచినవారెవరని అడిగితిని. నలుగురైదుగురు చేతులెత్తిరి. అస్మదీయ, తదీయ శబ్దములను నల్లబల్లపై వ్రాసి, రాక్షసుడు ఎక్కడ జారెనో వారిచేతనే పట్టించితిని. ఒక్క క్షణము ఆలస్యముగా నవ్వు వచ్చినది. మధ్యాహ్నము ఆటస్థలమున ఒకడు ఎదుటి జట్టును 'తస్మదీయులు' అని కేకవేయుట విని, నేను వినబడనట్లు నడచిపోయితిని.

మరొక సంగతియు దాచను. గురువారమునాడు ఒక బాలిక, నేను గుమ్మమున నిలుచుండుట చూడక, కళ్లజోడు తీసి పైటచెంగుతో తుడిచి, పెట్టుకొని, మరల తీసి, "అర్థమైనదా? కానిచో కాలేదనుడు" అని నా కంఠముతో పలికినది. తరగతియంతయు నవ్వినది. ముప్పది యేండ్లుగా నేను కళ్లజోడును రెండుమారులు తుడుచుచున్నానని నాకు తెలియదు! ఆ బాలికను దండింపలేదు. తరువాతి వార్షికోత్సవమునకు పేరు వ్రాసికొన్నాను.

వచ్చు శనివారము సాయంకాలము 5 గంటలకు ఈ హాలులోనే చిత్రమును వేయుదుము. అది సుమారు మూడు గంటలు నడచును. పిల్లలతోపాటు ఇంటిలోని అవ్వతాతలను తప్పక తీసికొని రండు. బిడ్డ ప్రక్కన కూర్చుండి మాట మాటకు అర్థము చెప్పగలవారు వారే. చాపలు మేము పరచెదము. మజ్జిగ సంఘమువారిది.