తెనాలి మీదుగా కాలయాత్ర

కాలంలో వెనక్కి వెళ్లే సినిమా అనగానే మన పిల్లలు ఇంగ్లీషు పేర్లే చెబుతారు. మన తెలుగులోనూ ఒకటుంది కదా! ‘ఆదిత్య 369’. 1991లో వచ్చింది. దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు.

కథను కదిపేది ఒక పిల్లవాడు. పేరు కిషోర్. మ్యూజియంలో రాయల కాలం నాటి వజ్రాన్ని దొంగలు కాజేస్తుంటే చూసేస్తాడు. ఆ వేషం తరుణ్‌ది, అప్పటికి బాలనటుడే. ఆ తర్వాత టైమ్ మెషీన్ ఎక్కిన హీరో బాలకృష్ణ, శ్రీకృష్ణదేవరాయల కాలంలో దిగుతాడు. రాయలూ ఆయనే!

పొన్నూరు వాళ్లం చెవులు రిక్కించాల్సింది ఇక్కడే. ఆ కొలువులో మన పక్కూరి తెనాలి రామకృష్ణుడున్నాడు. వేసింది చంద్రమోహన్.

అక్కణ్ణుంచి భవిష్యత్తుకు, 2504కు ప్రయాణం. అణుయుద్ధం జరిగిపోయి, జనం భూమి లోపల బతుకుతుంటారు. నాకు మాత్రం రాయల కొలువే ఇష్టం. కంప్యూటర్ గ్రాఫిక్స్ పెద్దగా లేని రోజుల్లో సెట్లతో, ఇళయరాజా సంగీతంతో నమ్మించేశారు.

2025లో మళ్లీ థియేటర్లకూ వచ్చింది. ‘ఆదిత్య 369’, గుర్తుంచుకోండి. ఈ సెలవుల్లో పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. రామకృష్ణుడు కనబడగానే, ఆయనది ఏ ఊరో అడగండి.