భాష రాని దేశానికి ఒంటరిగా



“ఆ భాష రాదు, తోడెవరూ లేరు, ఎలా వెళ్లేది?” ఈ మాట ఈమధ్య మన ఇళ్లలో తరచు వినబడుతోంది. ఒకప్పుడు విదేశ ప్రయాణమంటే మగవాళ్ల ముచ్చట. ఇప్పుడు ముషీరాబాదులో, తార్నాకలో, హబ్సిగూడలో ఏ వీధిలో చూసినా పిల్లలు అమెరికాలోనో, జర్మనీలోనో ఉన్న ఇల్లు ఒకటైనా కనబడుతుంది. అక్కడ కూతురికి నెలలు నిండుతాయి. అల్లుడికి ఎక్కువ సెలవు దొరకదు. ఇక్కడ ఇంటాయనకు ఉద్యోగమో, అనారోగ్యమో. వెళ్లవలసింది అమ్మ ఒక్కతే. టిక్కెట్టు కొన్నది మొదలు ఆవిడకు కంటిమీద కునుకుండదు. కొందరైతే ఈ భయానికే ప్రయాణం మానుకొని, పురిటి వేళ కూతురి దగ్గర లేకపోయానే అని జన్మంతా బాధపడతారు.

నాదీ పదో తరగతి చదువే. మా చెల్లెలి పురిటికి మా అమ్మ వెళ్లలేని స్థితిలో ఉంటే, నేను ఒక్కదాన్నే జర్మనీ వెళ్లి మూడు నెలలు ఉండి వచ్చాను. జర్మన్ భాషలో నాకు వచ్చిన మాటలు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. ఆ అనుభవంతోనే ఈ నాలుగు మాటలు చెబుతున్నాను.

అసలు భాష రాని చోట నెగ్గుకురావడం మనకు కొత్తా చెప్పండి? గోదావరి జిల్లాల నుంచీ, గుంటూరు నుంచీ ఈ ఊరికి కోడళ్లుగా వచ్చిన వాళ్లం ఎంతమంది లేము! వచ్చిన కొత్తలో ఉర్దూ ముక్క రాదు. అయినా కూరగాయల బండి దగ్గర బేరమాడాం, ఆటో అతనికి దారి చెప్పాం, పక్కింటి బేగంగారితో చనువుగా మెలిగాం. వ్యాకరణం నేర్చుకొని మొదలుపెట్టామా? లేదు, అవసరం నేర్పింది.

తార్నాకకు వెళ్తుంటే ఉస్మానియా క్యాంపస్ పక్కన ఇఫ్లూ అనే విశ్వవిద్యాలయం ఉంది, చూసే ఉంటారు. 1958లో ఇంగ్లీషు బోధన కోసం మొదలైంది. 1972లో విదేశీ భాషలు కూడా చేరి సీఫెల్ అయింది. 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. పెద్దవాళ్లు ఇప్పటికీ సీఫెల్ అనే అంటారు. జర్మన్, ఫ్రెంచి, రష్యన్, అరబ్బీ, జపనీస్ వంటి భాషలు అక్కడ నేర్పుతారు. అంతేకాదు, ఇంగ్లీషు అంతంత మాత్రంగా వచ్చినవాళ్లు ఎక్కడెక్కడి దేశాల నుంచో ఇక్కడికి నేర్చుకోవడానికి వస్తారు. తెలుగు రాదు, హిందీ రాదు. అయినా తార్నాక దుకాణాల్లో ఉప్పూ పప్పూ కొనుక్కొంటూనే ఉన్నారు. వాళ్లు మన ఊళ్లో బతకగా లేనిది, మనం వాళ్ల ఊళ్లో బతకలేమా?

ఇంకొక మాట. మద్రాసులో ఉండిన తెలుగు ఇల్లాలు పోతం జానకమ్మ రాఘవయ్యగారు ఇంగ్లండు చూసి వచ్చి, ఆ విశేషాలను తెలుగులో రాసి, 1876లో ఇంగ్లీషు పుస్తకంగా కూడా తెచ్చారు. ఓడల కాలంలోనే ఆవిడ అంత పని చేశారంటే, మనం విమానాన్ని చూసి బెదరడమెందుకు?

ఇక చేయవలసిన పనులు చూద్దాం. మొదటిది కాగితం. సెల్‌ఫోనులో అన్నీ ఉన్నాయి కదా అనుకోవద్దు. సరిగ్గా అవసరమైన వేళకే దాని చార్జింగు అయిపోతుంది. ఒక అట్టముక్క మీద మీ పేరు, విమానాల నంబర్లు, వెళ్లే ఇంటి చిరునామా ఆ దేశపు లిపిలో, అక్కడివారి ఫోను నంబరు, మీకున్న జబ్బులు, వేసుకొనే మందుల అసలు పేర్లు పెద్ద అక్షరాలతో రాయించి చేతిసంచిలో పెట్టుకోండి. నోరు పెగలనప్పుడు ఆ అట్టముక్కే మాట్లాడుతుంది. ఫోనులో అనువాదం చేసే సదుపాయం ఉంటే, ఆ దేశపు భాషను ఇంటి దగ్గరే దింపుకోండి. అప్పుడు ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది.

రెండవది సామాను. ఇక్కడ భాష కంటె చట్టం ముఖ్యం. మన వంటింట్లో గసగసాలు మామూలు దినుసు. దుబాయిలోనూ, సౌదీలోనూ అవి నిషిద్ధం. మాదకద్రవ్యం కింద పట్టుకొంటారు. అక్కడ విమానం మారడమే కదా అని కూడా తీసుకుపోవద్దు. అమెరికాకు పచ్చి కరివేపాకు పనికిరాదు. ఐరోపా దేశాలకు మన వైపు నుంచి పాలతో చేసినవి తీసుకుపోనివ్వరు. కోవా బిళ్లలు ఇంట్లోనే ఉంచండి. ఇక్కడ మామూలుగా దొరికే కొన్ని నొప్పి మాత్రలూ, దగ్గు మందులూ గల్ఫు దేశాల్లో అనుమతి లేనిదే ఉంచుకోకూడదు. డాక్టరు చీటీ తప్పనిసరిగా వెంట ఉండాలి. ఎవరో పరిచయంలేని వాళ్లు “అమ్మా, ఈ చిన్న పొట్లం మావాడికి అందించండి” అంటే మొహమాటపడకుండా కాదనండి. ఆ పొట్లంలో ఏముందో అక్కడి పోలీసులకు మీరే సమాధానం చెప్పుకోవలసి వస్తుంది, అదీ రాని భాషలో!

మూడవది విమానాశ్రయం. విమానం దిగగానే జనం వెంట నడిచిపోకండి. వాళ్లందరూ మీ ఊరికే వెళ్లడం లేదు. యూనిఫారంలో ఉన్నవారికి మీ బోర్డింగ్ పాస్ చూపించి, వేలు చూపి అడగండి. గేటు నంబరు మారుతుంటుంది గనుక ఒకరిని అడిగి ఊరుకోక, ఇంకొకరిని అడగండి. అడగనిదే అమ్మైనా పెట్టదు కదా. చక్రాల కుర్చీ సంగతి కూడా చెప్పాలి. మోకాళ్ల నొప్పులో, గుండె జబ్బో ఉంటే టిక్కెట్టు కొనేటప్పుడే అడగండి, అందులో నామోషీ లేదు. దారి తెలియదన్న భయం ఒక్కటే అయితే మాత్రం ఆ కుర్చీ నిజంగా నడవలేని మరొక పెద్దావిడకు అవసరమని గుర్తుంచుకోండి. వెంట ఉండి దారి చూపే మనిషి దొరుకుతారేమో విమాన సంస్థనే ముందుగా అడగవచ్చు.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యం. అర్థం కాని ప్రశ్నకు తల ఊపకండి. మర్యాదకు “యస్, యస్” అనడం మనకు అలవాటు. పాస్‌పోర్టు చూసే అధికారి దగ్గర ఆ అలవాటు కొంప ముంచుతుంది. ఎందుకు వచ్చారు, ఎన్నాళ్లుంటారు, ఎక్కడ ఉంటారు అన్న మూడు ప్రశ్నలకు జవాబులు ముందే నేర్చుకొని, ఉన్నది ఉన్నట్లు చెప్పండి. మిగతా వాటికి “అర్థం కాలేదు, తెలుగు” అనండి. అది అవమానం కాదు. హైదరాబాదులోని అమెరికా కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూ కూడా తెలుగులో ఇవ్వవచ్చు. అమెరికాలో ప్రభుత్వపు సొమ్ము అందుకొనే ఆసుపత్రులు భాష రానివారికి ఉచితంగా దుబాసీని ఏర్పాటు చేయాలి. ఫోనులోనైనా తెలుగు వచ్చినవారిని పిలిపిస్తారు. నొప్పులు పడుతున్న కూతుర్నే మనకు తర్జుమా చెయ్యమనడం భావ్యమా? అలాగే చదివి తెలుసుకోని కాగితం మీద ఎక్కడా సంతకం చేయకండి.

ఇక మాటలు. భాషంతా అక్కర్లేదు. పది మాటలు చాలు. దయచేసి, ధన్యవాదాలు, క్షమించండి, ఎక్కడ, ఎంత, వద్దు, నీళ్లు, మాంసం, అర్థం కాలేదు, సాయం చేయండి. జర్మన్‌లో దయచేసి అనడానికి “బిట్టె”, ధన్యవాదాలకు “డాంకె”, సాయానికి “హిల్ఫె”. శాకాహారులు “ఫ్లైష్” అంటే మాంసమనీ, “ఐ” అంటే గుడ్డు అనీ తెలుసుకొని డబ్బాల మీద చూసుకోవాలి. నీళ్ల సీసా కొంటే సోడా నీళ్లు వస్తాయి. మామూలు నీళ్లు కావాలంటే “ష్టిల్” అని ఉన్నది తీసుకోవాలి. మరుగుదొడ్డి తలుపు మీద “డామెన్” అంటే ఆడవాళ్లది. అంకెలతో ఇంకో చిక్కు ఉంది. ఇరవై ఒకటిని వాళ్లు “ఒకటీ ఇరవై” అన్న వరసలో చెబుతారు. అందుచేత ధర గాని, రైలు ప్లాట్‌ఫారం గాని నోటితో చెప్పించుకోక, కాగితం మీద రాయించుకోండి. ఆదివారం కిరాణా దుకాణాలు దాదాపు అన్నీ మూసే ఉంటాయి గనుక శనివారమే సరుకులు తెచ్చుకోవాలి.

ఆపద వస్తే ఐరోపాలో 112, అమెరికాలో 911 నంబరు తిప్పాలి. ఎవరైనా వెంటపడుతున్నట్లు అనిపిస్తే వీధిలో ఆగకుండా దగ్గరున్న దుకాణంలోకి వెళ్లి అక్కడి ఆడవాళ్ల పక్కన నిలబడండి. భయపడిన ముఖానికి అనువాదం అక్కర్లేదు.

ముగించేముందు ఒక విన్నపం. మన బెంగ ఒక ప్రయాణం బెంగ. మన ఇళ్లలో పనిచేసే ఆడపిల్లలు కొందరు కువైట్‌కో, మస్కట్‌కో ఇంటిపనికి వెళ్తామంటారు. వాళ్లకు అది రెండేళ్ల బతుకు. అరబ్బీ రాదు, ఆదుకొనే మనిషి ఉండరు. వాళ్లకు మీరు చెప్పగలిగినవి ఉన్నాయి. పదో తరగతి పాసుకాని వాళ్లు 18 దేశాలకు పనికి వెళ్లాలంటే 1983 నాటి చట్టం కింద అనుమతి తీసుకోవాలి. ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండి ఉండాలి. ప్రవాసీ భారతీయ బీమా కింద 10 లక్షల రూపాయల రక్షణ ఉంది. విజిట్ వీసా మీద పంపిస్తామనే దళారీని నమ్మకూడదు, ఎందుకంటే ఆ దారిన వెళ్లినవాళ్లకు ఈ రక్షణలేవీ అందవు. పాస్‌పోర్టు నకలు ఒకటి ఇంట్లో, ఒకటి తన దగ్గర ఉంచుకోవాలి. భారత రాయబార కార్యాలయం ఫోను నంబరు నోటికి రావాలి. చదువు వచ్చిన మనం ఒక సాయంత్రం కూర్చుని ఇవన్నీ రాసి ఇస్తే, ఆ కాగితం ఒక ప్రాణాన్ని కాపాడవచ్చు.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దలన్నారు. ఆ నోటికి రెండు మాటలే వచ్చినా, చిరునవ్వుతో అడిగితే దారి చూపనివాళ్లు అరుదు. అలాగే రేపు మన తార్నాకలో ఏ విదేశీ పిల్లో కూరగాయల బండి దగ్గర తెల్లమొహం వేసుకొని నిలబడితే, నవ్వి వెళ్లిపోకుండా ఒక్క నిమిషం ఆగండి. వేళ్లమీద లెక్క చెప్పి, ఏది వంకాయో ఏది దొండకాయో చూపించండి. ఆ పిల్ల తల్లి కూడా ఎక్కడో బెంగపడుతూ ఉంటుంది కదా.

మీ అందరికీ శుభప్రయాణం. సెలవు.