కీళ్ళవాతము - దేహములోని కాపరులు

(గుడియాత్తమున మన వారి సభయందు చేసిన ప్రసంగ పాఠము)



తెలుగు సభలో వైద్యవిషయమేల యని కొందరికి తోచవచ్చును. కాని ఇది మగ్గముల యూరు. కైలీలు నేయు చేతులపై ఇచ్చట ఎన్నియో సంసారములు నడచుచున్నవి. వ్రేళ్ళు చెడినచో ఇల్లే చెడును. కావున వ్రేళ్ళను పట్టు వ్యాధిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

మా మేనత్తకు నలువదవయేట రెండు చేతుల కణుపులును వాచినవి. తెల్లవారి లేచిన పిమ్మట గంటసేపు చెంబైనను పట్టలేకపోయెడిది. వాతమే కదా యని తైలములు రాచితిమి. నొప్పి మాత్రలు కొని యిచ్చితిమి. రెండేండ్లు గడచిన పిదప గాని వేలూరికి తీసికొని పోలేదు. అచ్చటి మందులతో నొప్పి తగ్గినది. వంగిన వ్రేళ్ళు మాత్రము చక్కబడలేదు. ఆ జాప్యమునకు బాధ్యులము మేమే.

ఈ వ్యాధిని రుమటాయిడ్ కీళ్ళవాతమందురు. ముసలితనమున కీళ్ళరుగుట వేరు, ఇది వేరు. ఇది నడివయసు వారికిని, పడుచువారికిని వచ్చును. పురుషులకంటె స్త్రీలకు హెచ్చు. మన రక్తములోని తెల్లకణములు రోగక్రిములతో పోరాడుటకు పుట్టినవి. ఈ వ్యాధిలో అవి తమ కీళ్ళనే శత్రువులుగ నెంచి, కీలులోని పొరను వాపజేసి, మృదులాస్థిని, ఎముకను తినివేయును.

మరి, ప్రతివారికిని ఇట్లేల జరుగదు? పోరాడు కణములను అదుపులో నుంచు కాపరులు కూడ మన దేహములోనే కలవు. 1995లో జపాను శాస్త్రజ్ఞుడు షిమోన్ సకగుచి వీనిని గుర్తించి చూపెను. వీనికి నియంత్రణ టి-కణములని పేరు. 2001లో అమెరికాలో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ అనువారు ఫాక్స్‌పి3 అను జన్యువును కనుగొనిరి. అదియే ఈ కాపరులను తీర్చిదిద్దు జన్యువని తరువాత తేలినది. ఈ ముగ్గురికిని 2025లో వైద్యశాస్త్రమున నోబెల్ బహుమాన మొసగబడినది.

కీళ్ళవాతమున ఈ కాపరులు లేకపోలేదు. వాచిన కీలులోని నీటిని పరీక్షింపగా, రక్తములోకంటె అచ్చటనే హెచ్చుగ కనబడినవి. లోపము సంఖ్యలో కాదు, సత్తువలో. వాపును రేపు పదార్థముల నడుమ వాని మాట చెల్లదు. ఊరిలో తలారి యున్నను, అల్లరిమూక కేకలలో అతని కేక వినబడనట్లు! అట్టి పదార్థములలో టి.ఎన్.ఎఫ్. అనునది యొకటి. దానిని అణచు మందిచ్చిన రోగులలో కాపరులు మరల పనికి పూనుకొనినట్లు 2004లో లండను పరిశోధకులు ప్రకటించిరి. ఈ కణములనే పెంచి రోగికెక్కించు చికిత్స ఇంకను పరీక్షదశలోనే యున్నది.

అంతవరకు చేతులు ముడుచుకొని కూర్చుండ బనిలేదు. కీళ్ళవాతమునకు నేడు మొదట నిచ్చు మందు మెథోట్రెక్సేటు. దానికి బాటవేసినది మన తెలుగువాడే. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసు వైద్యకళాశాలలో చదివి, అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వమున ఫోలిక్ ఆమ్లమును, దాని పనిని అడ్డగించు ఇట్టి మందులను తయారుచేయు కృషి జరిగెను. మొదట కాన్సరునకు వాడిన ఈ మందును కీళ్ళవాతమునకు వాడుటకు 1988లో అమెరికా ప్రభుత్వ మంగీకరించినది. 1948లోనే గతించిన ఆ మహనీయుడు దీనిని చూడలేదు.

ఈ మందు విషయమై ఒక హెచ్చరిక. దీనిని వారమునకు ఒక్క దినము మాత్రమే పుచ్చుకొనవలెను. ప్రతిదినము మ్రింగినచో ప్రాణాపాయము. వైద్యులు వ్రాసినట్లు ఫోలిక్ ఆమ్లము వాడవలెను. అప్పుడప్పుడు రక్తపరీక్ష చేయించుకొనవలెను. గర్భిణులును, గర్భము కోరు స్త్రీలును దీనిని వాడరాదు.

సోదరీమణులారా! రెండు చేతుల చిన్నకీళ్ళు వాచి, ఉదయమున వ్రేళ్ళు బిగిసి అరగంటకు మించి సడలక, ఆరు వారములైనను తగ్గనిచో, తైలములతో కాలము గడపకుడు. ఎముకకు కలుగు నష్టములో చాలభాగము మొదటి రెండేండ్లలోనే కలుగును. 1900లో ఐడా స్కడ్డరు దొరసాని ఒకే మంచముతో ఆరంభించిన వేలూరు క్రైస్తవ వైద్యకళాశాల ఆసుపత్రిలో నేడు ఈ వ్యాధులకు ప్రత్యేక శాఖయే కలదు. పురుషులు పొగత్రాగుట మానవలెను. పొగ ఈ వ్యాధిని కొనితెచ్చును.

ఇంటిల్లిపాదికి వండి పెట్టు తల్లి తన చేతినొప్పిని చెప్పుకొనదు. ఉదయమున ఆమె చెంబు ఎట్లు పట్టుచున్నదో మనమే గమనింపవలెను. మా యింట మేము గమనింపలేదు. మీ యిండ్ల నట్లు జరుగకుండుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.