మాటల్లేని పాట, చిలకలో ప్రాణం

ఈ వారం వీసా సంగతులు, జీతాల సంగతులు పక్కనపెట్టి కచేరీ గురించి మాట్లాడుకుందాం.

మా ప్లెయిన్స్‌బరోకి పక్కనే ప్రిన్స్‌టన్. అక్కడి యూనివర్సిటీలో రిచర్డ్‌సన్ ఆడిటోరియం అని పాత రాతి కట్టడంలో హాలు ఉంది. ప్రిన్స్‌టన్ సింఫనీ ఆర్కెస్ట్రా కచేరీలు అక్కడ జరుగుతాయి. ఆర్కెస్ట్రా అంటే మన పెళ్ళిళ్ళలో సినిమా పాటలు పాడేది కాదు. పదుల కొద్దీ వయొలిన్లు, బూరలు, డప్పులు, అన్నీ ఒక్క మనిషి చేతి సైగతో నడుస్తాయి.

"ఆ భాష రాదు, మనకేం అర్థమవుద్ది?" అంటారు మనవాళ్ళు. కొన్ని పాటలకు అసలు భాషే లేదు. రష్యాకు చెందిన రహ్మానినోవ్ 'వోకలైజ్' అని ఒకటి కట్టాడు. సొప్రానో, అంటే ఆడగొంతుల్లో అన్నిటికన్నా పైస్థాయి గొంతు, ఒక్క అచ్చు మీదే మొత్తం పాడుద్ది. గ్లియర్ అనే ఆయన 1943లో, యుద్ధం నడుస్తుండగా, అలాంటి గొంతు కోసమే పెద్ద కచేరీ కృతి రాశాడు. అందులోనూ ఒక్క మాట లేదు. మనకిది కొత్తా? రాగాలాపనలో మాటలుంటాయా? బరువెత్తేటప్పుడు 'హైలెస్సా' అంటాం, దానికి అర్థం ఎవరడిగారు?

ఇక కథలు. స్ట్రావిన్‌స్కీ 'ఫైర్‌బర్డ్' 1910లో పారిస్‌లో మొదటిసారి ఆడింది. రష్యా జానపద కథల్లోంచి అల్లింది. అందులో కష్చెయ్ అనే మాంత్రికుడి ప్రాణం ఒక గుడ్డులో ఉంటుంది. గుడ్డు పగిలితే వాడు పోతాడు. బాలనాగమ్మ బుర్రకథ విన్నవాళ్ళకు వెంటనే గుర్తొస్తుంది: మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది కదా!

మన సంగతీ అంతే. ఒళ్ళు ఇక్కడ పనిచేస్తుంది, ప్రాణం సముద్రాల అవతల ఇంట్లో ఉంటుంది. రహ్మానినోవ్ కూడా 1917లో దేశం వదిలి వచ్చాడు, మళ్ళీ వెళ్ళలేదు. 1943లో కాలిఫోర్నియాలో పోయాడు. ఇంటికి ఫోన్ చేసి "బాగున్నా" అని పెట్టేశాక గొంతులో మిగిలిపోయేది ఒకటుంటుంది చూడండీ, ఆ పాట వింటే అది గుర్తొస్తుంది నాకు.

మస్కట్‌లో, దుబాయ్‌లో ఉన్నోళ్ళకూ ఒపెరా హాళ్ళున్నాయి. టికెట్ బరువనిపిస్తే రూములో ఇయర్‌ఫోన్ పెట్టుకుని యూట్యూబ్‌లో వినండి. హాలుకి వెళ్తే మాత్రం ఫోన్ ఆపేయండి. మధ్యలో నిశ్శబ్దం వస్తే అయిపోయిందనుకోకండి, నడిపించే ఆయన జనం వైపు తిరిగాక చప్పట్లు కొట్టండి. ఉంటానండీ.