దినచర్య వ్రాసుకోవడానికి భయమెందుకు?

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పుడే పంచాంగ శ్రవణం విన్నాం. ఏ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అన్నీ శాస్త్రిగారు లెక్కగా చెప్పారు. నిరుడు విన్న లెక్క సరిపోయిందో లేదో చూసుకుందామంటే మాత్రం మనలో ఎంతమంది ఇళ్ళల్లో ఒక్క కాగితమైనా ఉన్నది? మా తాతగారు బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపునుంచి ఈ ఖుర్దారోడ్డుకు వచ్చారు. ఏ ఏట వచ్చారో, మొదట ఎవరింట దిగారో చెప్పగలవారు ఇవాళ మా ఇంట లేరు. మీ ఇళ్ళల్లోనూ బహుశా ఇంతే.

రోజూ నాలుగు ముక్కలు వ్రాసుకోండి అంటే ఎవరూ కాదనరు. కాని వ్రాయరు. అది బద్ధకమని నేననుకోను, భయం.

కొందరికి భాష భయం. "మాది కలగాపులగపు తెలుగు, సగం ఒడియా, సగం హిందీ, చూసినవాళ్ళు నవ్వరా?" అంటారు. ఏనుగుల వీరాస్వామిగారి పేరు పెద్దలకు తెలిసే ఉంటుంది. మనలాగే ప్రవాసపు తెలుగువారు; మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ ఉద్యోగం. 1830 మే 18న కాశీకి బయలుదేరి, తిరుగుదారిలో మన జగన్నాథం కూడా చూసుకొని, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. దారి పొడుగునా చూసినదంతా వ్రాసి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళగారికి పంపుతూ వచ్చారు. ఈ మజిలీలో దిగడానికి చోటున్నదా, నీళ్ళు మంచివేనా, అంగళ్ళలో ఏమి దొరుకుతుంది, ఇటువంటివే అందులో ఎక్కువ. పండితుల గ్రాంథికం కాదు. ఆనాటి కచ్చేరీ మాటలు అడ్డు లేకుండా దొర్లే వాడుక తెలుగు. 1838లో అచ్చయిన ఆ "కాశీయాత్ర చరిత్ర"ను ఇప్పటికీ చదువుతూనే ఉన్నారు.

మన పిల్లలు బడిలో ఒడియా చదువుతున్నారు, తెలుగు అక్షరం రాదు. రాకపోతే తెలుగు మాటనే ఒడియా అక్షరాలలో వ్రాయనివ్వండి. ఈ మాటకు మన సంఘంలో కొందరు పెద్దలకు కోపం వస్తుందని తెలుసు. మాటంటూ మిగిలితే అక్షరం తరువాతనైనా నేర్పుకోవచ్చునని నా అభిప్రాయం.

ఇంకొందరికి తప్పు పడుతుందేమోనని, మధ్యలో రోజులు తప్పిపోతాయేమోనని బెంగ. స్టేషనులో బండ్ల రాకపోకలు వ్రాసే రిజిస్టరు ఉంటుంది కదా, దానిలో చెరపడం నిషేధం. తప్పు పడితే చదవడానికి వీలుగా ఒక్క గీత కొట్టి, పైన సరైనది వ్రాసి, పొడి అక్షరాల సంతకం పెట్టాలి. వందలమంది ప్రాణాలు మోసే పుస్తకంలోనే కొట్టివేతకు చోటుంటే, మన నలభై పేజీల నోటుబుక్కుకు ఏమి వచ్చింది? రోజులు తప్పితే తప్పనివ్వండి. మళ్ళీ వ్రాసిన రోజు తేదీ వేస్తే చాలు.

అసలు భయం మరొకటి. ఎవరైనా చదువుతారేమో! రెండు గదుల క్వార్టర్సులో అత్తగారు, ఆడపడుచు, ఎదిగిన పిల్లలు ఉండగా కోడలు తన మనసులో మాట ఎక్కడ దాచుకుంటుంది? దీనిని నేను తేలికగా తీసివేయను. లండనులో శామ్యూల్ పెపిస్ అనే ఉద్యోగి 1660 నుంచి 1669 దాకా తన దినచర్యను పొట్టిలిపిలో, మన స్టెనోలు వ్రాసే తీరున, వ్రాసుకున్నాడు. చివరకు దానినీ విప్పి చదివి 1825లో అచ్చు వేశారు. కనుక తాళాన్నీ లిపినీ పూర్తిగా నమ్ముకోలేము. నాకు తోచిన ఉపాయం ఇది: కోపం వచ్చిన రాత్రి ఎవరు ఏమన్నారో వ్రాయండి, వారెటువంటివారో తీర్పు వ్రాయకండి. జరిగినది వ్రాస్తే రేపు ఎవరు చదివినా జవాబు చెప్పుకోగలం. ఇక ఇంటి మగవారికి ఒక మనవి. భార్య పుస్తకం, కూతురి పుస్తకం అడగకుండా తెరవకండి. ఆ ఒక్క హామీ ఇవ్వలేని ఇంట్లో ఎన్ని కలాలు కొనిపెట్టినా ప్రయోజనం లేదు.

మా నాన్నగారు షెడ్డులో ఫిట్టరుగా చేశారు. ఆయన పోయిన తరువాత రేకుపెట్టెలో చిన్న జేబు పుస్తకం దొరికింది. అంతా డ్యూటీ నెంబర్లు, చేబదుళ్ళు, కిరాణా బాకీలు. ఒకచోట మాత్రం, "పెద్దవాడికి జ్వరం తగ్గలేదు. సెలవు అడిగాను, ఇవ్వలేదు" అని ఉంది. ఆ పెద్దవాణ్ణి నేనే. ఆ రాత్రి బిడ్డను వదిలి పనికి పోయాడని మా అమ్మ ఆయనతో ఎన్నో ఏళ్ళు అంటూ ఉండేది. ఆయన ఒక్కనాడూ జవాబు చెప్పలేదు. నేను చదివి వినిపిస్తే అమ్మ చాలాసేపు ఊరుకుంది. తరువాత, "మళ్ళీ చదవరా" అన్నది.

ఆ పుస్తకం ఎవరు తెరవవచ్చునో నాన్నగారు ఎక్కడా వ్రాయలేదు. తెరవవచ్చునా అని మేమూ కొంత తటపటాయించాము. మీరు మొదలుపెట్టేటప్పుడు మొదటి పేజీలోనే ఆ పేరు వ్రాసి ఉంచండి. ఎవరూ వద్దనుకుంటే అదీ వ్రాయండి.