రుసుములు, కవిలెలు, రైలుబాట: గోదావరి యొడ్డున మన పాత కాగితములు

(సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ సభకు మమ్ము పిలిచిన కార్యనిర్వాహకులు మన పూర్వులు రాజాస్థానములలో వహించిన యుద్యోగములను గూర్చి నాలుగు మాటలు చెప్పుడని కోరిరి. ఉద్యోగమను మాట వినుటకు ఇంపుగనే యుండును. అయినను ప్రతి యుద్యోగమునకు ఒక కాగితముండెను. ఆ కాగితమునుబట్టి ఒక రుసుముండెను. ఆ రుసుము చెల్లించినవాడొకడుండెను. ఈ మువ్వురిలో మొదటివానిని గూర్చియే సభలలో వినుచుందుము. మిగిలిన యిద్దరినిగూర్చి గూడ చెప్పవలయునని మా యుద్దేశము. కేవలము ప్రశంస వినగోరి వచ్చినవారు మమ్ము మన్నింతురు గాక.

ఖమ్మము, భద్రాచలముల నడుమ పుట్టి పెరిగిన నియోగి కుటుంబములలో కంచెర్ల గోపన్నగారి పేరు తలపక శుభకార్యము జరుగదు. నేలకొండపల్లిలో జన్మించి, గోలకొండ పాదుషా అబుల్ హసన్ తానాషా కాలమున (1672–1687) పాల్వంచ పరగణాకు తహసీలుదారైన మహనీయుడాయన. రామదాసుగా ఆయనను లోకమెల్ల నెరుగును. కాని ఆయన కథలో సగము లెక్కల కథయని మనము మరచెదము. సర్కారు శిస్తు ఆలయమునకు వ్యయమాయెను, లెక్క తేలలేదు, ఉద్యోగి చెరసాల పాలాయెను. భక్తిచే ఆ బాకీ తీరెనని మన పెద్దలు చెప్పుదురు. ఆ విశ్వాసమును మేము కాదనము. అయితే ఆ శిస్తును ఈ యడవియంచు గ్రామములవారు చెల్లించిరను సంగతియు విశ్వాసముతోబాటు గుర్తుంచుకొనదగినది. 1686లో అక్కన్న మాదన్నలు హతులైరి. మరుసటి యేట గోలకొండయే మొగలుల వశమాయెను. రాజ్యములు మారినను శ్రీరామనవమికి ప్రభుత్వపక్షమున ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారము మాత్రము నిలిచెను. ఆసఫ్‌జాహీల కాలమున సాగెను, నేటికిని సాగుచున్నది. రాజాస్థానపు లాంఛనములలో ఇంత దీర్ఘాయువు గలది మరియొకటి మా యెరుకలో లేదు.

ఇక కాగితముల సంగతి. భద్రాచలము గోదావరికి ఉత్తరపుటొడ్డున నున్నది. 1860లో నిజాము ప్రభుత్వము ఆ యొడ్డు తాలూకాలను ఇంగ్లీషువారికి వదలుకొనెను. అవి మధ్యపరగణాలలో చేరి, నాగపురమునుండి పాలింపబడెను. 1874లో భద్రాచలము, రేకపల్లి తాలూకాలను గోదావరి జిల్లాలో చేర్చి చెన్నపట్టణమునకు అప్పగించిరి. స్వాతంత్ర్యానంతరము 1953లో వరంగల్లునుండి విడివడి ఖమ్మము జిల్లా ఏర్పడెను. 1959లో భద్రాచలము ఆ జిల్లాలో కలిసెను. 2014లో ఊరు తెలంగాణమున నిలిచి, చుట్టుప్రక్కల మండలములు పోలవరము నిమిత్తమై ఆంధ్రప్రదేశ్‌కు పోయెను. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా యేర్పడెను. ఒక్క గ్రామపు పొలిమేర తగవు తెలిసికొనదలచినవాడు పారసీ యుర్దూలకై హైదరాబాదునకును, ఇంగ్లీషు దస్త్రములకై నాగపురమునకును, చెన్నపట్టణపు ఎగ్మూరు దస్త్రశాలకును పోవలెను. తెలుగు కవిలెకై మాత్రము మన యిండ్ల యటుకల వంక చూడవలెను.

ఈ కడపటి మాటయే మేము ముఖ్యముగ చెప్పవచ్చినది. దానికి ముందు రుసుముల తీరు కొంత వివరింపవలసియున్నది.

నిజాము రాజ్యమున మాలుగుజారీ లెక్కలకు రెండు వంశపారంపర్యపు దఫ్తరులుండెడివి. మరాఠవాడ ప్రాంతపు దఫ్తరు రాయరాయాన్ వంశమువారిది. తెలంగాణపు దఫ్తరు మాల్‌వాలాలని పేరొందిన కాయస్థ వంశమువారిది. సనదు పుట్టవలెనన్నను, జాగీరు కొడుకు పేరికి మారవలెనన్నను కాగితము అట్టి దఫ్తరుల గుండ పోవలెను. వారసుడు సర్కారునకు నజరానా చెల్లింపవలెను. పరగణాలలో దేశముఖులు, దేశపాండ్యాలు వసూళ్లపై రుసుము తీసికొనుచుండిరి. గ్రామమున పటేలు, పట్వారి, వారి క్రింద ఆయగాండ్రు. రైతు కళ్ళములో ధాన్యపురాశి యొద్దనే ఒక్కొక్కరి మేర కొలువబడెడిది. రాశి యింటికి చేరునప్పటికి ఎంత తగ్గునో రైతు భార్యకు తెలియును. అది యే దఫ్తరులోను వ్రాయబడలేదు.

మొదటి సాలార్‌జంగు దివానుగా (1853–1883) ఇజారా పద్ధతిని తొలగించి, 1865 ప్రాంతమున జిల్లాల నేర్పరచి, జీతపు తహసీలుదారులను నియమించెను. దేశముఖ దేశపాండ్యాల పని పోయెను గాని రుసుము పోలేదు. పనిలేని రుసుము నగదుగా ముట్టుచుండెను. ఇది మన తాతలకు లాభమో నష్టమో తెలియదు. పని పోయినపిదప బిరుదు బరువెక్కెనని మాత్రము మాకు తోచును. 1949లో జాగీరులు రద్దాయెను. 1984లో పటేలు పట్వారి పదవులు ఒక్క యార్డినెన్సుతో ముగిసెను. ఆనాడు దస్త్రములు అప్పగించినవారు కొందరు, సగము అప్పగించి సగము ఉంచుకొన్నవారు కొందరు. ఈ మందిరమున కూర్చున్నవారిలో రెండవ తెగవారే హెచ్చని మా యనుమానము. ఎవరును చేయి యెత్తనక్కరలేదు.

ఆవలి యొడ్డున రుసుము తీరు వేరు. రేకపల్లి కొండలలో పోడుచేయు కోయ, కొండరెడ్డి సోదరులకు మధ్యపరగణాల కాలమున పన్ను గొడ్డలికి నాలుగణాలు. భూమి కొలువరు, గొడ్డళ్లను లెక్కింతురు. అది వారికి తెలిసిన లెక్క. చెన్నపట్టణపు పాలన వచ్చిన తరువాత ఆ పన్ను దాదాపు మూడింతలాయెను, పోడునకు కట్టుబాట్లు వచ్చెను. దిగువ రంపదేశమున కల్లుపై చిగురుపన్ను వేసిరి. 1879లో రంప పితూరీ పుట్టి రేకపల్లి వరకు ప్రాకుటకు ఇవి కారణములు. నాలుగణాల పన్నునందు లేని రాజద్రోహము పండ్రెండణాలయందు పుట్టెనేమి యని ఆనాటి దొరలు యోచించిరో లేదో!

రైలు కథకు వత్తము. మొదట ఈ ప్రాంతమునకు దారి రైలు కాదు, గోదావరియే కాదగియుండెను. కాటన్ దొర తలంపు ప్రకారము ఎగువ గోదావరిలో ఓడలు నడుపుటకై దుమ్ముగూడెమువద్ద ఆనకట్టయు, లాకులును, కాలువయు కట్టిరి. 1871లో ఆ పనులు నిలిపివేసిరి. సరిగా ఆ సమయముననే, భూగర్భశాఖకు చెందిన కింగ్ దొర యెల్లెందు ప్రాంతమున బొగ్గు గనులను గుర్తించెను. భద్రాచల యాత్రికులు వంటకై పెట్టిన రాళ్ళే అంటుకొని కాలినవనియు, ఆ విధముగా బొగ్గు బయటపడెననియు మన ప్రాంతమున చెప్పుకొందురు. కథ యెంత నిజమో గాని, యాత్రికుని పొయ్యికిని రైలింజనుకును ఇంత చక్కని చుట్టరికము కలిపినవాడెవడో రసికుడే.

వాడినుండి సికింద్రాబాదునకు రైలు 1874లో నిజాము ద్రవ్యముతో వచ్చెను. దానిని తూర్పునకు పొడిగించుటకు 1883లో లండను ధనికులతో ఏర్పాటు జరిగెను. పెట్టుబడిపై ఇరువది యేండ్లు నూటికి అయిదు చొప్పున వడ్డీకి సంస్థానము హామీ యుండవలెను. రైలు నష్టపడినను వాటాదారుడు నష్టపడడు. అందుచేతనే దానికి "గ్యారంటీడ్" రైల్వేయను పేరు. ఆ యేర్పాటును బహిరంగముగా ప్రశ్నించిన అఘోరనాథ చట్టోపాధ్యాయులవారిని ఆ 1883లోనే హైదరాబాదు విడిచిపొమ్మనిరి. సరోజినీదేవిగారి తండ్రి యాయన. బాట వరంగల్లు దాటి, డోర్నకల్లు మీదుగా 1888లో యెల్లెందు బొగ్గు గనులను చేరెను. 1889లో బెజవాడను చేరెను. ఖమ్మముమెట్టు కోటక్రింద ఇంజను కూసిన సంవత్సరములివి.

ఇచ్చట ఒక పెద్ద రుసుమునుగూర్చి చెప్పక తప్పదు. 1886లో గనుల హక్కులు లండనులో పుట్టిన హైదరాబాదు దక్కను కంపెనీకి దక్కెను. రైలు బేరమునందును, గనుల బేరమునందును సంస్థానపక్షమున నడిపినవాడు సర్దార్ అబ్దుల్ హఖ్ అను నున్నతోద్యోగి. తనకు ఊరక దక్కిన వాటాలను ఆయన తన యేలికయైన సంస్థానమునకే వెలకు అమ్మెను. గుట్టు రట్టై 1888లో పదవి పోయెను. అదే యేట బ్రిటిషు పార్లమెంటు విచారణసంఘమును వేసెను. కళ్ళములో కుంచెడు గింజల మేరకు పట్వారిని తిట్టిన రైతునకు ఈ కథ తెలియదు. తెలిసినచో పట్వారిని మరికొంచెము మెల్లగా తిట్టియుండునేమో! ఆ కంపెనీ 1920లో సింగరేణి కాలరీస్ ఆయెను; నేడు ఈ ప్రాంతపు వేలాది కుటుంబములకు అన్నము పెట్టుచున్నది. రైల్వేను 1930 ఏప్రిల్ 1వ తేదీన సంస్థానము కొనివేసెను. 1951లో అది సెంట్రల్ రైల్వేలో కలిసి, 1966లో దక్షిణమధ్య రైల్వేలో చేరెను.

భద్రాచలమునకు రైలు రాలేదు. కారేపల్లినుండి చీలిన శాఖ కొత్తగూడెమునకు వచ్చెను. బొగ్గుకొరకు వచ్చిన ఆ స్టేషనునకు "భద్రాచలం రోడ్" అని పేరు పెట్టిరి. రోడ్డు అను రెండక్షరములలో ఇంచుమించు నలువది కిలోమీటర్ల యడవియు, దానిచివర గోదావరియు దాగియున్నవి. 1965లో వంతెన పడువరకు ఆ నీటిని పడవమీదనే దాటవలసివచ్చెను.

ఇప్పుడు మా యింటి పెట్టె సంగతి చెప్పుదుము. మా పూర్వులు నదికి ఈవలియొడ్డున, అనగా నిజాముపక్షపు గ్రామమున పట్వారీలు. అటుకమీద ఒక టేకుపెట్టె. అందు కవిలెకట్టలు, పహాణీలు, హాలీసిక్కాలో వ్రాసిన వసూలు చిట్టాలు. ఆ నాణెము 1959లోనే చెలామణి మానినది. తేదీలన్నియు ఫసలీలో నుండును. దానికి అయిదువందల తొంబది కూడిన గాని మనకు తెలిసిన సంవత్సరము రాదు. ఫసలీ 1330 అనగా 1920–21. ఆ ప్రాంతపు పహాణీలలో ఒక చేను కొన్ని సంవత్సరములు వరుసగా ఒక కోయరైతు పేర నున్నది. తరువాతి యేట మరియొకని పేర నున్నది. అమ్మకపు మాట లేదు, హుకుము సంఖ్య లేదు, కారణము లేదు. చేవ్రాలు రెండింటను ఒక్కటే. అది మా ముత్తాతగారిది. ముత్యములవంటి యక్షరములు.

ఆవలియొడ్డున 1917నాటి చట్టముచే ఏజెన్సీ ఏజెంటు అనుమతి లేనిదే గిరిజనుని భూమి యితరులకు మారరాదు. ఈవలియొడ్డున ఆనాడట్టి చట్టము లేదు. కనుక చట్టమునుబట్టి మా ముత్తాతగారు తప్పు చేసిరని చెప్పలేము. చేయలేదని చెప్పుటకు నోరు రాదు.

ఇంటిలో ఈ మాట యెత్తగా, ఆ కట్టలు కాల్చివేయుమని ఒక పెద్దవారు, సభకు తీసికొనిపోవుము గాని ఆ రెండేండ్లవి తీసివేయుమని మరియొకరు చెప్పిరి. రెండవ సలహాయే మాకు ఎక్కువ భయము కలిగించినది. కాల్చినచో కాగితము పోవును. తీసివేసి తక్కినది ఇచ్చినచో అబద్ధము దస్త్రశాలలో చేరి, నిజమను ముద్రతో కూర్చుండును.

ఈ కట్టలకు నేడేమి విలువ యని యువకులు అడుగవచ్చును. 1959నాటి భూబదలాయింపు నిబంధన 1963లో తెలంగాణపు షెడ్యూలు ప్రాంతములకు వర్తించెను. 1970లో దానిని బిగించిరి. న్యాయస్థానములలో పాత పేరెవ్వరిదను ప్రశ్న నేటికిని లేచుచున్నది. 1954–55 నాటి కాస్రా పహాణీకి వెనుకకు పోవుట సామాన్యునకు కష్టము. 2006నాటి అటవీహక్కుల చట్టపు నియమములలో పూర్వ సంస్థానముల రికార్డులను గూడ సాక్ష్యముగ నంగీకరించిరి. మన పెట్టెలలో మ్రగ్గుచున్న కాగితము ఒక కోయకుటుంబపు చేతిలోని యేకైక యాధారము కావచ్చును. చెదలు దానిని మనకంటె ముందు చదువుచున్నవి.

కావున సభవారికి మా విన్నపము ఒక్కటియే. కవిలెలుగల కుటుంబములు వానిని సంఘమునకు కాదు, హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర దస్త్రశాలకు రసీదు పుచ్చుకొని అప్పగింపవలెను. సంఘమున కిచ్చినచో సంఘము మన పరువు చూచును. ఇచ్చుటకు ముందు ప్రతి పుటకును ఛాయాచిత్రము తీసి, ఆ చిత్రములను గ్రామపంచాయతీకి ఒక ప్రతి యీయవలెను. ఏ పుటయు తీసివేయరాదు. మోడి, పారసీ చదువగల వృద్ధులు మనలో ఇంకను కొందరు కలరు. వారికి భత్యమిచ్చి యువకులకు నేర్పించు భారము పోషకులు వహింపవలెను. ఆ భత్యమును రుసుమని పిలిచినను మాకు అభ్యంతరము లేదు.

మా పెట్టెను రేపు ప్రొద్దున సభామందిరమునకు తెప్పించుచున్నాము. తాళముచెవి మా పెద్దవదినగారి యొద్ద నున్నది. కట్టలు లెక్కపెట్టి, అన్నియు సరిగా నున్నవని తాను చూచినగాని ఈయనని ఆమె చెప్పినారు. ఈ రాత్రి ఆ పని జరుగుచున్నది.