పెద్ద మిల్లు వెళ్లిపోతే బిల్లు ఎవరికి?

(విద్యుత్ ఉద్యోగులు, విద్యార్థుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



పెద్ద పరిశ్రమలు తమకు నచ్చిన చోట కరెంటు కొనుక్కుంటే మనకేంది అని కొందరు అడుగుతున్నారు. బోరు కింద ఎవుసం చేసే రైతుకూ, నెలకు వంద యూనిట్లు కాల్చే ఇంటికీ దానితో సంబంధం ఉంది. అదే చెప్పదలిచాం.

2003 విద్యుత్ చట్టం ఓపెన్ యాక్సెస్‌కు తలుపు తీసింది. ఒక మెగావాట్‌కు మించి వాడే పరిశ్రమ డిస్కంను కాదని వేరే ఉత్పత్తిదారు దగ్గర కొనుక్కోవచ్చు. 2008లో మొదలైన పవర్ ఎక్స్‌ఛేంజీలోనూ కొనవచ్చు. తీగలు మాత్రం ట్రాన్స్‌కో, డిస్కంలవే. వాటికి కిరాయి కట్టాలి. 2022 నిబంధనలతో సౌర, పవన విద్యుత్తుకు ఈ పరిమితి 100 కిలోవాట్లకు దిగింది.

అసలు లెక్క ఇక్కడుంది. హెచ్‌టీ పరిశ్రమ అసలు ఖర్చు కంటే ఎక్కువ ధర కడుతుంది. ఆ మిగులుతోనే పేద ఇంటికి తక్కువ రేటు. ఇదే క్రాస్ సబ్సిడీ. పరిశ్రమ వెళ్లిపోతే మిగులు పోతుంది. డిస్కం దీర్ఘకాలిక ఒప్పందాలు చేసుకున్న విద్యుత్ కేంద్రాలకు మాత్రం, కరెంటు తీసుకోకున్నా స్థిర చార్జీలు కట్టాల్సిందే. ఆ లోటు ఇళ్ల బిల్లుల మీద పడాలి, లేదా సర్కారు ఖజానా మీద పడాలి, లేదా బోరు మోటారుకు గంటలు తగ్గాలి. కాలువ పారని చోట బోరే కాలువ అని మరువొద్దు.

ఈ నష్టానికే చట్టంలో సర్‌ఛార్జి పెట్టారు. మొదట దాన్ని క్రమంగా తగ్గించి ఎత్తేయాలని రాశారు. 2007 సవరణలో 'ఎత్తేయాలి' అన్నది పోయి 'తగ్గించాలి' అన్నది మిగిలింది. క్యాప్టివ్ ప్లాంటు అయితే అసలు సర్‌ఛార్జే లేదు. అందులో 26 శాతం వాటా ఉండి, 51 శాతం కరెంటు సొంతానికి వాడుకుంటే చాలు.

పరిశ్రమల మాట కూడా వినాలె. 2012లో పవర్ హాలిడేలతో మిషన్లు ఆగితే కూలీల పని పోయింది. కాబట్టి ఎంచుకునే హక్కును మేం కాదనడం లేదు. బయట చవకైనప్పుడు వెళ్లి, ఎండాకాలంలో ధర పెరగ్గానే తిరిగొచ్చి డిస్కం మీద పడడాన్నే కాదంటున్నాం. వెళ్లేవాళ్లు తమ వంతు లెక్క కట్టి వెళ్లాలె.

2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల మీద ప్రశ్నించినవాళ్ల ప్రాణాలే పోయినయి. ఇయ్యాల ఈఆర్సీ బహిరంగ విచారణలో ప్రశ్నించే వీలుంది. అక్కడికి పరిశ్రమల వకీళ్లు ఫైళ్లతో వస్తున్నారు. మన కుర్చీలు ఖాళీగా ఉంటున్నాయి. సర్‌ఛార్జి లెక్క చదువుదాం, అభ్యంతరాలు రాసిద్దాం, విచారణకు పోదాం. మనం అడగకపోతే ఆ బిల్లు మన ఇంటికే వస్తుంది.